చిత్రకారునికి సహృదయ గోష్ఠి

పాలకీడు మండలమున నొక యింట సెల్‌ఫోను ముందు కూర్చుండి, హైదరాబాదు నుండియో యంతకు మించిన దూరమునుండియో ఆన్‌లైనులో వచ్చు చిత్రలేఖన పాఠముల నభ్యసించు విద్యార్థికి గురువు లభించెను, పాఠములు లభించెను. కాని ప్రక్కన కూర్చుండి, "ఈ చేయి పొట్టిగా నున్నదిరా" అని మొగమాటము లేక చెప్పు సహాధ్యాయి మాత్రము లభింపలేదు. కళాశాలలో చిత్రములను గోడకు వరుసగా తగిలించి యెల్లరును పరస్పరము విమర్శించుకొనుట సగము చదువు. ఆ సగమును దూరస్థుడు తానే సమకూర్చుకొనవలయును.

ఇందుకు మన తెలుగునాట నుదాహరణము కలదు. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, దామెర్ల రామారావునందలి చిత్రకళా ప్రతిభను గుర్తించి ప్రోత్సహింపగా, ఆ యువకుడు 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు చదువబోయెను. చదువు ముగించి వచ్చిన పిమ్మట నాతడు తన కుంచెతో తానొక్కడే కాలము గడపక, 1923లో స్వస్థలముననే చిత్రకళాశాలను నెలకొల్పి, వరద వెంకటరత్నము మొదలగువారిని తన చుట్టును చేర్చుకొనెను. 1925లో, ఇరువదెనిమిదేండ్లు నిండకమునుపే, మశూచి యాతనిని బలిగొనినను ఆ మండలి చెదరిపోలేదు. వెంకటరత్నము దాని భారమును వహించెను. నేటి యువకులలో కొందరు నెట్‌వర్కింగ్ అనగా పెద్దవారి ప్రాపకమునకై వేటయని తలంచుచున్నారు గాని, రామారావు చుట్టు నేర్పడిన స్నేహములకు మూలము పనియే. పని చూచినవాడే పని చెప్పును.

ఇక విమర్శను కోరుటయు నొక విద్య. సూర్యాపేట చేరువ పిల్లలమఱ్ఱిలో 1208 నాటి ఎరకేశ్వరాలయపు నల్లరాతి స్తంభమును గీచిన విద్యార్థి, వాట్సాప్ గ్రూపులో దానిని పెట్టి "ఎట్లున్నది?" అని యడిగినచో "సూపర్" అను మాటయు, బొటనవ్రేలి బొమ్మలును వచ్చును, వానివలన నొక్క గీతయు చక్కబడదు. "స్తంభము నిలువు తప్పినదా? వెలుతురు ఏ ప్రక్కనుండి పడుచున్నదో తెలియుచున్నదా?" అని యడిగి, తాను చూచిన దృశ్యపు ఫొటోను కూడ జతపరచినచో, చూచువాని కన్ను నిలుచు తావు దొరకును. చిత్రమును పగటి వెలుతురున ఫొటో తీయవలయును. పసుపుపచ్చని బల్బు క్రింద తీసినచో, రంగులను గూర్చి మిత్రులు చెప్పునదంతయు బల్బును గూర్చిన విమర్శయే యగును!

గ్రూపు వందలమందితో నుండనక్కరలేదు. తనకంటె ముందున్నవాడొకడు, తనతో సమానులు కొందరు, తన వెనుక వచ్చువాడొకడు చాలును. ఇతరుల చిత్రములపై నోరు మెదపక తన చిత్రమునకే తీర్పు కోరువానిని ఎవ్వరును చిరకాలము సహింపరు. పైగా పరుల తప్పు నెత్తి చూపుటకు మాటలు వెదకుకొనునప్పుడే తన కన్ను పదునెక్కును.

ఆన్‌లైను గోష్ఠి యెంత చక్కనిదైనను, కాగితపు గరుకును, నీళ్ళరంగుల తడిని తెరపై చూపజాలదు. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటలందలి డ్రాయింగు మాస్టర్లు నెలకొక ఆదివారము తమ బడిలో నొక గది తెరపించి, చుట్టుప్రక్కల చిత్రకళాభ్యాసకులను చిత్రములతో రమ్మని పిలువవలెనని మనవి.