మీట నొక్కినా ఉలకని కంప్యూటర్

మీ బడిలో పాతబడిన డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి ఉందనుకోండి. నత్తనడక నడుస్తోంది. దానికి కొత్త ర్యామ్, కొత్త ఎస్.ఎస్.డి. డిస్కు, గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించారు. ఉత్సాహంగా మీట నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు! అప్పుడేం చేస్తారు?

ఒక శనివారం మధ్యాహ్నం మా పాఠశాలలో సరిగ్గా ఇదే జరిగింది. సోమవారం వైజ్ఞానిక ప్రదర్శన. పదో తరగతి పిల్లలు నెల రోజులుగా తయారు చేసిన పటాలూ, లెక్కలూ అందులోనే ఉన్నాయి. "కొత్త కార్డే చెడ్డది సార్" అన్నాడొకడు. "కాదు, ఎస్.ఎమ్.పి.ఎస్. కాలిపోయింది" అన్నాడు ఇంకొకడు. ఒకమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముందు ఆ అమ్మాయికి చెప్పిన మాటే మీకూ చెబుతాను. కంప్యూటర్ వెలగనంత మాత్రాన డిస్కులోని ఫైళ్ళు పోవు. ఆ డిస్కును తీసి మరో కంప్యూటర్‌కు తగిలించి చదువుకోవచ్చు. కనుక తొందరపడనక్కర లేదు.

ఇప్పుడు ఆలోచించండి. పొద్దున పనిచేసిన యంత్రం మధ్యాహ్నం పనిచేయడం లేదు. ఈ మధ్యలో మారినదేమిటి? మూడు కొత్త వస్తువులు వచ్చాయి. అంతేనా? వాటిని పెట్టడానికి మన చేతులు లోపల తిరిగాయి కదా! ఆ చేతులు తగిలిన ప్రతి తీగా అనుమానించదగినదే. చాలామంది ఈ రెండో సంగతి మరచిపోయి కొత్త వస్తువునే తిడతారు.

మేము చేసిన అసలు తప్పు మరొకటుంది. మూడింటినీ ఒకేసారి మార్చాం. మూడింటిలో ఏ ఒక్కటైనా, ఏ రెండైనా, మూడూ అయినా దోషులు కావచ్చు. అంటే 3+3+1, మొత్తం 7 అవకాశాలు. ఒకటి పెట్టి, నడిపి చూసి, తరవాత రెండోది పెట్టి ఉంటే ప్రతిసారీ కొత్తగా అనుమానించవలసిన వస్తువు ఒక్కటే ఉండేది.

గోడ దగ్గర స్విచ్చి, క్యాబినెట్ వెనుక ఉండే చిన్న స్విచ్చి, రెండూ వేసే ఉన్నాయి. లోపలికి తొంగి చూస్తే మదర్‌బోర్డు మీద ఒక చిన్న పచ్చదీపం వెలుగుతోంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎందుకో చెబుతాను.

కంప్యూటర్ ముందున్న మీట మన ఇంట్లో దీపం స్విచ్చి లాంటిది కాదు. దీపం స్విచ్చి కరెంటు దారినే తెంచుతుంది, కలుపుతుంది. పాత కంప్యూటర్లలో మీట కూడా అలాగే ఉండేది. 1995లో ఇంటెల్ సంస్థ తెచ్చిన ఏ.టి.ఎక్స్. పద్ధతిలో ఇది మారింది. మనం కంప్యూటర్‌ను ఆపినా, గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపు ఎస్.ఎమ్.పి.ఎస్. ఒక తీగలో 5 ఓల్టులు పంపుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ నిద్రపోతున్నా మేలుకుని ఉన్న కాపలాదారు వంటిదన్న మాట. మీట నొక్కితే మదర్‌బోర్డు మీద రెండు పిన్నులు క్షణకాలం కలుస్తాయి. మదర్‌బోర్డు వెంటనే మరో తీగ ద్వారా ఎస్.ఎమ్.పి.ఎస్.ను లేపుతుంది. అది తన ఓల్టేజీలు నిలకడకు వచ్చాయో లేదో చూసుకుని, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు "అంతా సవ్యమే" అని సంకేతం పంపుతుంది. ఆ తరవాతే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది.

ఆ పచ్చదీపం వెలిగేది ఆ కాపలాదారు 5 ఓల్టుల తోనే. అంటే గోడ సాకెట్టూ, తీగా బాగున్నాయి, ఎస్.ఎమ్.పి.ఎస్. పూర్తిగా చచ్చిపోలేదు. ఒక్క చూపుతో అనుమానితుల్లో చాలామంది తప్పుకున్నారు! ఇక, మీట నొక్కిన కబురు మదర్‌బోర్డుకు చేరుతోందా?

మీరూ చేసేటట్లయితే పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. ముందు ప్లగ్గు ఊడబీకండి. మీట ఒకసారి నొక్కితే లోపల మిగిలిన కొద్ది విద్యుత్తూ దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుమును తాకండి. ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులను చంపగలదు. ఎస్.ఎమ్.పి.ఎస్. పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దు. మన ఇంటి 230 ఓల్టులు గరిష్ఠంగా 325 ఓల్టుల దాకా లేస్తాయి. లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఆ ఓల్టేజీని పట్టుకుని ఉండవచ్చు.

రీసెట్ మీట కూడా అటువంటి స్విచ్చే. దాని తీగను పవర్ మీట పిన్నులకు తగిలించి చూద్దామనుకున్నాం. బోర్డు మీది అక్షరాలు భూతద్దంతో చదువుతుంటే దొంగ దొరికాడు! పవర్ మీట తీగ ఒక పిన్ను పక్కకు జరిగి కూర్చుంది. పైనుంచి చూస్తే సరిగ్గానే ఉన్నట్లుంది. "కార్డుకు అడ్డొస్తోందని నేనే తీసి పెట్టాను సార్" అన్నాడు కార్డును తిట్టిన కుర్రవాడే, నెమ్మదిగా. జరిపి నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి, తెర వెలిగింది.

మీ కంప్యూటర్ జబ్బు వేరుగా ఉండవచ్చు. ఫ్యాను ఒక్క ఊపు ఊగి ఆగిపోతే ఎక్కడో షార్టు ఉందనీ, ఎస్.ఎమ్.పి.ఎస్. తనను తాను కాపాడుకుంటోందనీ అనుమానించండి. బోర్డు కింద జారిపడిన ఒక్క మర చాలు. ఫ్యాన్లు తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే ర్యామ్ పూర్తిగా దిగలేదేమో, ప్రాసెసర్‌కు వెళ్ళే 12 ఓల్టుల ప్లగ్గు ఊడిందేమో చూడండి. ర్యామ్ అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్దడం మన దగ్గర అలవాటు. గట్టిగా రుద్దితే బంగారు పూత పోతుంది, స్థిర విద్యుత్తూ పుడుతుంది. ఏదీ తేలకపోతే కొత్తవన్నీ తీసేసి, పాత ర్యామ్ ఒక్కటి ఉంచి నడపండి. నడిచాక ఒక్కొక్కటే చేర్చండి.

మా ఎస్.ఎమ్.పి.ఎస్. చీటీ మీద 12 ఓల్టుల దగ్గర 16 ఆంపియర్లని ఉంది. 12 × 16 = 192 వాట్లు. ప్రాసెసర్‌కు 65, కొత్త కార్డుకు 120, మొత్తం 185. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా లెక్కలోకి రాలేదు! ఊరికే వెలిగేటప్పుడు కార్డు అంత తీసుకోదు. పని పెరిగినప్పుడే తంటా. అందుకని కార్డును విప్పి, పెద్ద ఎస్.ఎమ్.పి.ఎస్. వచ్చేదాకా బీరువాలో పెట్టాను. పిల్లలు కాస్త అలిగారు.