ఇంటిపేరులో మిగిలిన ఊరు

తెలుగువాని పేరుకు ముందు తరచుగా ఒక ఊరు నడుస్తూ ఉంటుంది. పుట్టపర్తి, రాళ్ళపల్లి, ధర్మవరం — ఈ మూడూ పూర్వపు అనంతపురం మండలంలోని ఊళ్ళు. ఈ మూడే ఆధునికాంధ్ర వాఙ్మయంలో ముగ్గురు మహనీయుల ఇంటిపేర్లు. ఏ ముత్తాతగారి కాలంలోనో ఒక కుటుంబం బ్రతుకుతెరువు వెదకికొంటూ పొరుగూరికి తరలిపోతే, అక్కడివారు వారిని వచ్చిన ఊరి పేరుతో పిలుస్తారు. క్రమంగా ఇల్లు పోతుంది, పొలం పోతుంది, దొడ్డిలోని బావి పూడిపోతుంది. పేరు మాత్రం మిగులుతుంది. ఆ పేరును ధరించిన మనుమడు ఆ ఊరిని ఒక్కసారియైనా చూచి ఉండకపోవచ్చును. అయినా సంతకం చేసినప్పుడెల్లా ముందుగా ఆ ఊరినే వ్రాస్తాడు. పుట్టినగడ్డ మీది మమకారానికి తెలుగువారు కల్పించుకొన్న స్మారకచిహ్నం ఇంటిపేరే అనుటలో అతిశయోక్తి లేదు.

ఈ మమకారం ఎడబాటువల్ల వేదనగా మారినప్పుడు పాశ్చాత్యులు ఒకానొక కాలంలో దానిని వ్యాధిగానే పరిగణించినారు. 1688లో జొహాన్నెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, స్వస్థలానికి దూరమైన స్విట్జర్లండు వారిని పీడించే దిగులును వర్ణిస్తూ, ‘ఇల్లు చేరుట’, ‘నొప్పి’ అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను కలిపి ‘నొస్టాల్జియా’ అనే కొత్త మాటను సృష్టించినాడు. రోగిని ఇంటికి పంపుటే దానికి ఉత్తమచికిత్స అని కూడ అతడు సూచించినాడు. కాని పెనుకొండ సీమ కవుల జీవితాలను పరిశీలిస్తే ఆ చికిత్స చాలదని తోస్తుంది. ఊరు విడిచినవానికే కాదు, ఊరిలోనే ఉన్నవానికి సైతం ఊరు దూరం కాగలదు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం — ఉత్తరం నుండి దక్షిణానికి ఒకే రైలుదారి మీద ఉన్న మూడు పట్టణాలు. పట్టుచీరలకు ధర్మవరం, కోటకు పెనుకొండ, చింతపండు, బెల్లం, మిరపకాయల బేరానికి హిందూపురం పేరు గన్నవి. నిన్నమొన్నటి దాకా అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మూడూ 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. పెన్న, చిత్రావతి అనే రెండు నదులు ఈ నేలను ఒరసికొని పోతున్నా, వాటిలో నీటికంటె ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. వాన ఇక్కడ చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. వేరుసెనగ చేను ఎండిన ఏట ఇంటికి తాళం వేసి బెంగుళూరు రైలెక్కుట ఈ ఊళ్ళకు కొత్త గాదు. హిందూపురం నుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే. దూరం తక్కువే, అయినా వెళ్ళినవారందరూ తిరిగి రారు.

ఈ సీమ దిగులుకు తెలుగు కవిత్వంలో స్థిరమైన రూపమిచ్చినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు. ఆయన 1914 మార్చి 28న అనంతపురం సమీపంలోని చియ్యేడులో జన్మించినారు. బాల్యం గడచినది పెనుకొండలో. పండితుడైన తండ్రి శ్రీనివాసాచార్యుల నీడలో సంస్కృతాంధ్రాలు, ఊరిలోనే సంగీతం, నాట్యం, ఆనాడు అక్కడ ఉన్న ఒక ఆంగ్లేయాధికారి భార్య పిట్ దొరసాని వద్ద ఆంగ్లసాహిత్యం — ఇన్ని విద్యలు ఒక చిన్న కొండ ఊరు ఒక బాలునికి ప్రసాదించినది. ఆ చదువులన్నింటికంటె పెద్ద బడి మరొకటి ఉండెను. అది ఊరి చుట్టూ పడి ఉన్న రాళ్ళు.

పెనుకొండకు ఘనగిరి అని సంస్కృతనామం. విజయనగర సామ్రాజ్యానికి ఇది మొదటినుండి బలమైన దుర్గం. 1565లో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు కూలిన పిమ్మట, అతని తమ్ముడు తిరుమలరాయలు హంపీని విడిచి పెనుకొండకు తరలివచ్చినాడు. ఓడిన సామ్రాజ్యం తల దాచుకొన్న రాజధాని ఇది. ఆ వైభవమైనా ఎంతోకాలం నిలువలేదు. పదునారవ శతాబ్దం ముగియకముందే రాజపీఠం చంద్రగిరికి తరలిపోయినది. మిగిలినవి గగనమహలు, బురుజులు, పక్కపక్కనే నిలిచిన రామాలయ శివాలయాలు, పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా, మహామంత్రి తిమ్మరుసు సమాధి అని ఊరివారు చూపే కట్టడం. పశువులు కాచే పిల్లవాడు ఎండవేళ రాజుల మండపంలో నిద్రపోగల ఊరు అది.

ఆ శిథిలాల నడుమ తిరిగిన బాలుడు మీసకట్టు రాకముందే ‘పెనుగొండలక్ష్మి’ అనే ఖండకావ్యం వ్రాసినాడు. ఇందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. దానిని వ్రాయునాటికి ఆయన పెనుకొండను విడువలేదు. ఊరు కండ్లయెదుటనే ఉన్నది. అయినా కావ్యం నిండా ఎడబాటే. తాను పుట్టుటకు మూడు వందల ఏండ్లకు పూర్వమే వెళ్ళిపోయిన ఊరి కొరకు, ఆ ఊరిలోనే నిలిచి ఒక బాలుడు కంట తడి పెట్టినాడు. హోఫర్ వైద్యుని మందు ఇతనికి పనికిరాదు. ఇంటికి పంపుదమన్న ఇతడు ఇంటనే ఉన్నాడు. దేశం వలె కాలం కూడ మనిషిని ప్రవాసిని చేస్తుందని ఆ కావ్యం తెలుపుతున్నది.

ఈ కావ్యానికి పట్టిన అదృష్టం కూడ చిత్రమైనది. నారాయణాచార్యులు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు, ఆ పరీక్షకు నిర్ణయించిన పాఠ్యగ్రంథాలలో తాను చిన్ననాడు వ్రాసిన ‘పెనుగొండలక్ష్మి’యే ఒకటి. తన ఊరిని గూర్చిన తన కావ్యాన్ని తానే పాఠంగా చదివి జవాబు వ్రాయవలసిన విద్యార్థి ప్రపంచసాహిత్యంలో ఎందరుంటారు? తరువాత జీవిక ఆయనను ప్రొద్దుటూరుకు, తిరువనంతపురానికి, ఢిల్లీకి, కడపకు త్రిప్పినది. ప్రొద్దుటూరి అగస్త్యేశ్వరాలయంలో ‘శివతాండవం’ వెలసినది. 1972లో పద్మశ్రీ లభించినది. 1990 సెప్టెంబరు 1న కడపలో ఆయన కన్నుమూసినారు. పెనుకొండ ఆయనను నిలుపుకోలేకపోయినది. కాని రాయిని చూచి మనిషిని తలచుకొనే అలవాటును ముందుగా నేర్పి పంపినది.

ఇదే కొండను పాడిన రెండవ కవి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో కల్యాణదుర్గం ప్రాంతపు రాళ్ళపల్లిలో జన్మించి, యౌవనంలోనే మైసూరు చేరి, అక్కడి మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించినారు. ఆ పిదప తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరాలు కూర్చినారు. చుట్టూ కన్నడం, మనసులో సంగీతం, తరగతిలో తెలుగు — ఇట్టి జీవితం గడపిన ఆ పండితుడు పెనుకొండ కొండమీద కట్టిన పాట రాయలసీమ పాఠశాలలలో పిల్లల నోళ్ళలో నానినది. పుట్టపర్తివారిది శోకమైతే రాళ్ళపల్లివారిది పౌరుషం. ఒకే కొండ ఒకరికి విధవరాలైన రాజ్యలక్ష్మిగా, మరొకరికి వీరుల స్థానంగా కనిపించినది. ఊరు ఒకటే, చూచిన కన్ను వేరు.

ధర్మవరానిది మరొక కథ. ఇక్కడ స్మృతి రాతిలో గాక నూలులో ఉన్నది. క్రియాశక్తి ఒడెయరు అనే ప్రభువు పెద్ద చెరువును త్రవ్వించి, తల్లి ధర్మాంబ పేరిట ఊరు కట్టించినాడని ప్రతీతి. చెరువు ఊరికి అన్నం పెట్టినది, మగ్గం పేరు తెచ్చినది. గుంటమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న నేతగాని ఇంట పిల్లలు పుట్టినది మొదలు నాడె సవ్వడిలో పెరుగుతారు. భార్య కండెలు చుట్టాలి, పెద్దకొడుకు పడుగు సరిచూడాలి, అప్పుడు గాని చీర మగ్గం దిగదు. మరమగ్గం పోటీకి తాళలేక ఆ ఇంటి పిల్లవాడు నేడు నగరంలో వేరు కొలువు చూచుకొంటే అతనిని తప్పు పట్టలేము. కాని ఎక్కడికి పోయినా నిశ్శబ్దమైన ఇల్లు అతనికి కొంతకాలం పరాయి ఇల్లుగానే ఉంటుంది.

ఆ ఊరి పేరును తెలుగు రంగస్థలం మీద నిలిపినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టి, బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడి, 1886లో సరసవినోదిని సభను నెలకొల్పి, ‘చిత్రనళీయం’తో ఆరంభించి నాటకాలు వ్రాసి ఆడించి, ‘ఆంధ్రనాటక పితామహుడు’ అనిపించుకొన్నారు. కృషి జరిగినది బళ్ళారిలో. చరిత్రలో వెలిగిన పేరు ధర్మవరం. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరినది. సరిహద్దులు జరిగినా ఇంటిపేరు జరుగలేదు.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిని చూస్తే ఈ రాయికీ ఆ నూలుకూ గల చుట్టరికం తెలుస్తుంది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయపు కప్పు మీది చిత్రాలలో స్త్రీలు కట్టిన చీరల అంచులను నేటికీ లెక్కపెట్టవచ్చును. ఆ గళ్ళు, ఆ లతలు నేతకారులకు నాలుగు వందల ఏండ్లకు పైబడిన నమూనాలు. గుడికి ఎడంగా 27 అడుగుల పొడవున ఏకశిలా నంది కూర్చున్నది. ఆ బసవన్నపై పాట కట్టిన అడవి బాపిరాజు ఈ సీమవాడు కాడు, గోదావరి జిల్లావాడు. పుట్టుకవల్ల గాక చూపువల్ల కూడ ఒక ఊరు మనదవుతుంది. చూపు లేనిచో పుట్టిన ఊరైనా మనది కాదు.

అయితే గతాన్ని తలచుకొనుట ఒకటి, గతాన్ని బంగారుపూత పూయుట మరొకటి. చిన్ననాటి ఊరిలో చింతచెట్టు నీడ ఉన్నది నిజమే. కాని మూడు మైళ్ళు నడచి నీళ్ళు తెచ్చిన తల్లి కూడ అక్కడనే ఉన్నది. కరవు, అంటరానితనం, అప్పు ఆ వీథులలోనే తిరిగినవి. వాటిని మరచిన స్మృతి సగం అబద్ధం. 2019లో పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారంలో ఉత్పత్తి మొదలైనది. కోట ఎక్కి చూచే బాలునికి ఆ కప్పులు కూడ దృశ్యంలో భాగమే. అతడు పెద్దవాడై ఏ దూరదేశంలోనో తలచుకొనే పెనుకొండలో బురుజుతోపాటు కర్మాగారమూ ఉంటుంది. దానిని తప్పనుటకు వీలులేదు.

తప్పు మరొకచోట ఉన్నది. ‘శాకుంతలం’ అయిదవ అంకంలో హంసపదిక పాట విని దుష్యంతునికి కారణం తెలియని బెంగ కలుగుతుంది. మరచినది శకుంతలను, మరచినట్లు కూడ అతనికి తెలియదు. గగనమహలు పక్కనుండి నిత్యమూ బడికి పోతూ, దానిని ఎవరు కట్టిరో ఎరుగక పెరిగి, ఒకనాడు ఊరు విడిచే పిల్లవాని స్థితి అట్టిదే. అతనికి బెంగ కలుగుతుంది; దేనికొరకో తెలియదు. దుష్యంతునికి ఉంగరం దొరికినది. ఈ పిల్లవానికి ఉంగరం ఇవ్వగలవాడు ఉపాధ్యాయుడు ఒక్కడే.

అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. తరగతిలోని విద్యార్థులు తమ ఇంటిపేర్లను వరుసగా నల్లబల్ల మీద వ్రాసి, అందులో ఊళ్ళెన్ని, వృత్తులెన్ని అని వేరు చేయవచ్చును. ఊరి పేరున్న వారు ఆ ఊరు పటంలో ఎక్కడున్నదో గుర్తించి, తమవారు దానిని ఎందుకు విడిచినారో ఇంట అవ్వాతాతలను అడిగి వచ్చి చెప్పవచ్చును. కరవా, కలరాయా, కట్నమా, కొలువా — జవాబులలో ఈ సీమ చరిత్ర చాలవరకు బయటపడుతుంది. మరునాడు కోట గోడ దగ్గరకు నడిపించుకొని పోయి, ఇక్కడ ఒక బాలుడు మీ వయసులోనే ఒక కావ్యం వ్రాసినాడని చెప్పి కొంతసేపు వారిని అక్కడ వదలితే చాలును.