మూత్రపిండముల జబ్బు గలవారికి భుజము నొప్పి

గోదావరిఖని, రామగుండము చుట్టుపట్ల పల్లెలలో ఒకే ఇంట ఒకరు గనిలోను, మరొకరు పొలములోను పనిచేయుట కలదు. తట్టా చెమ్మసుతో బొగ్గు నింపిన పాత కార్మికులలో విరమణానంతరము సేద్యమునకు మరలినవారును కలరు. ఇట్టి ఇండ్లలో "రెక్క గుంజుచున్నది, చేయి పైకి లేచుట లేదు" అన్న మాటను ఎవరును అంతగా పట్టించుకొనరు. బరువులెత్తిన భుజమునకు నొప్పి సహజమే యని తలచి, దుకాణమున రెండు మాత్రలు కొని మ్రింగి పనికి పోవుదురు. మూత్రపిండములు చెడినవారికి ఈ అలవాటు మిక్కిలి ప్రమాదకరము. వారి నొప్పికి కారణము వేరుగా నుండవచ్చును. మ్రింగిన మాత్రయే అసలు జబ్బును ముదిరించవచ్చును.

మూత్రపిండములు మలినములను వడపోయుటయే గాక, రక్తములోని భాస్వరమును హద్దులో నుంచును. డి విటమినును శరీరమునకు పనికివచ్చు రూపమునకు మార్చును. పైరుకు భాస్వరము ఎంత అవసరమో రైతుకు చెప్పనక్కరలేదు. రక్తమున అది పెరిగినచో మాత్రము చిక్కే. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ అను చిన్న గ్రంథులు అతిగా పనిచేసి ఎముకలనుండి సున్నమును లాగును. ఎముక బలహీనపడును. సున్నము భాస్వరముతో కలిసి కీళ్ల చుట్టు గడ్డకట్టును. కండరమును ఎముకకు పట్టియుంచు స్నాయువులు కూడ పటుత్వము తప్పి, కొద్దిపాటి బరువుకే చినుగవచ్చును.

ఏండ్ల తరబడి డయాలిసిస్ చేయించుకొన్నవారిలో మరియొక కారణము కలదు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అను మాంసకృత్తును రక్తశుద్ధి యంత్రము పూర్తిగా తీసివేయజాలదు. అది పేరుకొని సన్నని పోగులుగా మారి, ముఖ్యముగా భుజములందు, మణికట్టునందు దిగును. జపాను పరిశోధకులు 1985లో ఈ సంగతి కనుగొనిరి. ఈ నొప్పి తరచు రెండు భుజములకును వచ్చును. రాత్రి పడుకొన్నపుడును, డయాలిసిస్ మంచముపైనను హెచ్చి, లేచి కూర్చున్న కొంత తగ్గును. చేతివ్రేళ్లు తిమ్మిరెక్కుట దీనికి తోడు. ఇట్టి గుర్తులున్నచో తప్పక వైద్యునికి చెప్పవలెను. మధుమేహము కూడ గలవారిలో భుజము బిగుసుకొనిపోవుట వేరొక సంగతి. అదియు అరుదు కాదు.

ఇక మాత్రల విషయము. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులు మూత్రపిండములకు రక్తము పారు దారిని ఇరుకుచేయును. తూము సగము మూసిన చివరి మడికి నీరెట్లందును? ఎండలో చెమట కారి ఒంటిలో నీరు తగ్గినవేళ ఈ హాని రెట్టింపగును. రామగుండమున వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు. యాసంగి వరి కోతలు జరుగునది సరిగా ఆ ఎండలలోనే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి రైతులను పీడించుచున్న మూత్రపిండ వ్యాధికి మూలకారణము ఇంకను తేలలేదు. కాని చెడిన మూత్రపిండములకు ఈ మాత్రలు చేయు హాని ఎన్నడో తేలినది. పాదరసము, సీసము కలిసిన భస్మములును ఇట్టివే. సూది వేయించుకొన్నంత మాత్రమున ఈ మందుల గుణము మారదు. ఏ వైద్యుని యొద్దకు పోయినను "నాకు మూత్రపిండముల జబ్బు కలదు" అని ముందుగా చెప్పవలెను. సాధారణముగా వైద్యులు తగిన మోతాదులో పారాసిటమాల్ ఇత్తురు. రక్తములో సున్నము, భాస్వరము చూచి, ఎక్స్‌రే తీయింతురు.

చేయి కదల్చకుండ ఉంచుట పొరపాటు. బల్లపై ఒక చేయి ఆనించి ముందుకు వంగి, నొప్పిగల చేతిని లోలకము వలె మెల్లగా ఊపవలెను. గోడపై వ్రేళ్లను నడిపించుచు చేతిని కొంచెము కొంచెముగా పైకి తీసికొనిపోవలెను. డయాలిసిస్ కొరకు ఫిస్టులా పెట్టిన చేతితో ఏ వ్యాయామము చేయవచ్చునో వైద్యుని అడిగి చేయుట మంచిది. ఆ చేతిపై తలపెట్టి పడుకొనరాదు, రక్తపోటు చూపించుకొనరాదు, బరువు మోయరాదు. 16 లీటర్ల మందు పంపు నిండినచో నీటి బరువే 16 కిలోలు. దాని పట్టీ ఆ భుజమును ఒరయును గావున మందు కొట్టు పనిని ఇంటిలో మరొకరికి అప్పగించవలెను. ఫిస్టులాపై వ్రేళ్లుంచి అదురు ఉన్నదా యని ప్రతిదినము చూచుకొని, లేనిచో ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. డయాలిసిస్ ఖర్చునకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కలదు.

జ్వరముతో భుజము ఎఱ్ఱబారి వేడెక్కినను, భుజము నొప్పితో పాటు చెమటలు, ఆయాసము, రొమ్ముపై బరువు తోచినను తెల్లవారువరకు ఆగరాదు. మొదటిది కీలులో చీము కావచ్చును, రెండవది గుండెపోటు కావచ్చును.