గేమ్ డబ్బాలో పెళ్లి డీవీడీ

“తమ్ముడూ, నీ దగ్గర డీవీడీ ప్లేయర్ ఉండాదా? కొనేకి కాదు, ఒక్కసారి ఏసి చూసేకి.”

సంక్రాంతి వెళ్లిన వారానికి ఆదోనిలో నా టీవీ రిపేరు కొట్టు మెట్లెక్కి ఆమె అడిగిన మాట ఇది. ఎమ్మిగనూరు వీవర్స్ కాలనీ నుంచి బస్సులో వచ్చింది. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి, కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. అట్ట మీద పూలదండలతో కూతురూ అల్లుడూ. 2008 మే. పెళ్లి డీవీడీ.

ఎమ్మిగనూరులో నాలుగు కొట్లు తిరిగిందట. ప్లేయర్ ఎవరి దగ్గరా లేదు. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకు రమ్మని ఒకతను చెప్పాడట. ఎక్కించాలన్నా ముందు ఆ డిస్కును చదివే మిషన్ ఒకటి ఉండాలి కదా. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే అరే ఉండడం లేదు.

లోపలికి పిలిచి, టీవీ కింద ఉన్న నల్ల డబ్బా ఆన్ చేశాను. ఆమె దాన్ని గుర్తుపట్టింది. “ఇది పిల్లోళ్లు ఆటాడుకునేది గదా?” అంది. అవును, సోనీ ప్లేస్టేషన్ 3. నా కొట్లో ఈ రోజుకీ డిస్కులు ఆడే వాటిలో అన్నిటికన్నా మంచిది అదే.

ఈ సంగతి నలుగురికీ చెప్పాలని చాలా కాలంగా నా మనసులో ఉంది. మన ఇళ్లలో బీరువాల అడుగున పెళ్లి డీవీడీలు, పుట్టినరోజు డీవీడీలు, ఇష్టపడి కొనుక్కున్న సినిమాలు పడి ఉన్నాయి. చూసే దారి లేదని జనం వాటిని పాత ఇనుప సామాన్ల వాళ్లకు వేసేస్తున్నారు. అదే ఇంట్లోనో, పక్కింట్లోనో, బెంగళూరు ఉద్యోగానికి పోయిన పిల్లవాడు వదిలేసిన గేమ్ మిషన్ దుమ్ము కొట్టుకుని ఉంటుంది. ఆ రెండూ కలవాలి, అంతే.

నేను 2003లో ఎమ్మిగనూరులో సీడీల షాపు పెట్టాను. అప్పుడంతా వీసీడీలే. ఒక సినిమా రెండు సీడీలు, పొడుగు సినిమా అయితే మూడు. కరెక్టుగా ఫైటు మొదలయ్యే చోట మొదటి సీడీ అయిపోయేది. తర్వాత మోసర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టేసరికి మగ్గం నేసేవాళ్లు కూడా సినిమాలు అద్దెకు తీసుకోవడం మాని కొనుక్కున్నారు. ఎవరింటికి పోయినా టీవీ పక్కన వరసగా పేర్చిన డబ్బాలే. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌లోకి పోయింది. నా షాపు అంతకు ముందే మూసేశాను. డిస్కులు మాత్రం పారేయలేదు. ఈ రిపేరు కొట్టు పైన అటక మీద ఇప్పటికీ ఉన్నాయి.

గేమ్ మిషన్‌లో సినిమా చూడడం కొత్త కిటుకేమీ కాదు. 2000 మార్చిలో జపాన్‌లో ప్లేస్టేషన్ 2 వచ్చినప్పుడు ధర 39,800 యెన్‌లు. అప్పటికి మంచి డీవీడీ ప్లేయర్ కొనాలంటే దాదాపు అంతా పెట్టాలి. దాంతో ఆట సంగతి అటుంచి, డీవీడీ చూడొచ్చని కొన్న కుటుంబాలు ఎన్నో. మొత్తం మీద ఆ మిషన్లు పదిహేనున్నర కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

ప్లేస్టేషన్ 3 కథ ఇంకా గట్టిది. 2006లో డీవీడీ తర్వాతి తరం డిస్కు బ్లూరే కొత్తగా వచ్చిన రోజుల్లో అమెరికాలో విడి బ్లూరే ప్లేయర్ వెయ్యి డాలర్లు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 ధర 499 డాలర్లతో మొదలు. తయారు చేయడానికి అయ్యే ఖర్చు కంటే తక్కువకే సోనీ దాన్ని అమ్మింది. నష్టాన్ని గేముల మీద రాబట్టుకోవచ్చని, ఎన్ని ఇళ్లలో బ్లూరే అడుగుపెడితే అంత మేలని వాళ్ల లెక్క. బ్లూరే విషయంలో ఆ లెక్క తప్పలేదు. పోటీగా హెచ్‌డీ డీవీడీ తెచ్చిన తోషిబా 2008 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. మన దేశానికి ప్లేస్టేషన్ 3 2007లో వచ్చింది, 39,990 రూపాయలకు. ఆ రోజుల్లో ఆ డబ్బు పెట్టి ఆట సామాను కొనేవాళ్లు ఎమ్మిగనూరులో నాకు తెలిసి లేరు. నాది ఎన్నో ఏళ్ల తర్వాత సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది.

దాని గొప్పతనం ఒక్క ధరలోనే లేదు. మామూలు ప్లేయర్ పుట్టినప్పుడు ఏం చేయగలదో చివరిదాకా అంతే చేస్తుంది. ఇది అప్‌డేట్లతో నేర్చుకుంటూ పోయింది. పాత డీవీడీ బొమ్మను పెద్ద టీవీకి తగ్గట్టు సాఫు చేసి చూపడం 2007లో నేర్చింది, త్రీడీ బ్లూరే ఆడడం 2010లో నేర్చింది. గేముల కోసం పెట్టిన బలమైన ప్రాసెసర్ లోపల ఉంది కాబట్టే ఇదంతా కుదిరింది.

డిస్కులో ఏముంటుందని చాలామంది అడుగుతారు. ఎమ్మిగనూరులో చెప్పడం నాకు సులువు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. జాకార్డు మగ్గం మీద తిరిగే అట్టలు అక్కడివాళ్లకు తెలుసు. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అలా వరసగా అట్టలు తిరిగితే చీర మీద నెమలి వస్తుంది. డిస్కూ అంతే. గుంట ఉందా లేదా అని లేజర్ తడుముకుంటూ పోతుంది, తెర మీద బొమ్మ వస్తుంది. తేడా అంతా గుంటలు ఎంత చిన్నవి, వాటి వరసలు ఎంత దగ్గరగా ఉన్నాయన్న దాంట్లోనే. సీడీలో వరసకూ వరసకూ మధ్య 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32. పత్తి ఊరైన ఆదోని వాళ్లకు ఇంకోలా చెబుతాను. దూది పింజలో ఒక్క పీచు మందం సుమారు 15 మైక్రాన్లు. ఆ ఒక్క పీచు కింద బ్లూరే వరసలు నలభైకి పైగా పడతాయి. అందుకే 700 ఎంబీ పట్టే సీడీ అంత సైజు డిస్కులోనే డీవీడీకి ఒక పొరలో 4.7 జీబీ, బ్లూరేకి 25 జీబీ పట్టింది.

తుడవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవాలి. ప్లేటు కడిగినట్టు గుండ్రంగా తిప్పితే గీత వరస వెంబడే పడుతుంది, అప్పుడు లేజర్‌కు దాటుకునే వీలుండదు. అడ్డంగా పడ్డ గీతను అది చాలాసార్లు సర్దుకుంటుంది. ఇంకొకటి. సీడీ, వీసీడీల్లో సమాచారమంతా పేరు రాసిన వైపు పలచటి పూత కిందే ఉంటుంది. మెరిసే వైపును పాపాయిలా చూసుకుని, పై వైపు బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసి పాడుచేసుకున్నవాళ్లను ఎంతమందినో చూశాను.

ఇక ఏ మిషన్ ఏది ఆడుతుందో చూద్దాం. ప్లేస్టేషన్ 2 డీవీడీ ఆడుతుంది. 3 అయితే డీవీడీ, బ్లూరే, పాటల సీడీ మూడూ. 4 బ్లూరే ఆడుతుంది గానీ పాటల సీడీ ముట్టదు. 2021 ఫిబ్రవరిలో మన దగ్గరికి వచ్చిన ప్లేస్టేషన్ 5 ఫోర్‌కే బ్లూరే దాకా ఆడుతుంది, త్రీడీ ఆడదు. అందులోనూ డిస్కు అర ఉన్నదే తీసుకోవాలి, డిజిటల్ అని రాసి ఉన్నదానికి అర ఉండదు. ఎక్స్‌బాక్స్ అయితే డిస్కు అర ఉన్న వన్ ఎస్, సిరీస్ ఎక్స్ రెండూ ఫోర్‌కే డిస్కులు ఆడతాయి. కాకపోతే మొదట ఒకసారి ఇంటర్నెట్ పెట్టి బ్లూరే యాప్ దించుకోవాలి. సిరీస్ ఎస్‌లో అర లేదు. అమెరికాలో ఉన్న పిల్లలు డిస్కులు పంపేటట్టయితే, ఏ దేశాల మిషన్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ గుర్తు చూసి పంపమనండి. డీవీడీకి మనది 5, వాళ్లది 1. బ్లూరేకి మనది సి, వాళ్లది ఎ. ఫోర్‌కే డిస్కులకు ఈ గొడవ లేదు.

మన వైపు వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది వీసీడీ. పాత పెళ్లిళ్లు సగం అందులోనే ఉన్నాయి. ఈ ప్లేస్టేషన్లు దాన్ని ఆడవు. కంప్యూటర్‌లో వేస్తే లోపల పేరు చివర డాట్ (DAT) అని ఉన్న ఫైలు కనబడుతుంది. దాన్ని కాపీ చేసి, ఎంపీజీ ఫైలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ప్లేస్టేషన్ 3కి తగిలిస్తే ఆడుతుంది. కొంచెం పనే. కానీ ఆ పెళ్లి మళ్లీ జరగదు కదా.

నేను పాత 3నే పొగడడానికి ఇంకో కారణం వైర్లు. ఆదోనిలో చాలా ఇళ్లలో ఒకప్పటి ఐదు బాక్సులు, ఒక వూఫర్ ఉన్న హోమ్ థియేటర్ ఇంకా బాగానే పలుకుతోంది. దానికి హెచ్‌డీఎంఐ ఉండదు. ప్లేస్టేషన్ 3కి హెచ్‌డీఎంఐ, ఆప్టికల్, పసుపు-ఎరుపు-తెలుపు పిన్నులు మూడూ ఉన్నాయి. బొమ్మ హెచ్‌డీఎంఐతో కొత్త టీవీకి, శబ్దం ఆప్టికల్‌తోనో పిన్నులతోనో పాత యాంప్లిఫయర్‌కి. ప్లేస్టేషన్ 5కి హెచ్‌డీఎంఐ ఒక్కటే. రిమోట్ మాత్రం ఇబ్బందే. 3 బ్లూటూత్‌తో పనిచేస్తుంది, మామూలు రిమోట్ మాట వినదు. దానికి తగ్గ బ్లూటూత్ రిమోట్ లేకపోతే జాయ్‌స్టిక్‌తోనే నడపాలి. అమ్మలకు స్టార్ట్ బటన్ ఒక్కటి చూపించండి, నొక్కితే ఆగుతుంది, మళ్లీ నొక్కితే నడుస్తుంది. అంతవరకు చాలు.

కరెంటు గురించి అడుగుతారు. తొలి లావు మోడల్ సినిమా ఆడేటప్పుడు 150 వాట్లకు పైనే లాగుతుంది. మూడు గంటల సినిమాకు సుమారు అర యూనిట్. తర్వాత వచ్చిన సన్న మోడళ్లకు అందులో సగం చాలు. అసలు భయపడాల్సింది వేడికి. పత్తి సీజన్‌లో మా ఊరి గాలిలో దూది నూగు తేలుతూ ఉంటుంది. జిన్నింగ్ మిల్లుల దగ్గరి ఇళ్ల నుంచి సర్వీసింగ్‌కు వచ్చే ఏ మిషన్ విప్పినా నాకు కనబడేది ఒకటే. ఫ్యాను రెక్కల మధ్య నూగు చుట్టుకుని చుట్టుకుని దీపం వత్తిలా గట్టిపడి ఉంటుంది. పట్టకారుతో కొస పట్టుకుని లాగితే జానెడు పొడవున ఒకే ముక్కగా వస్తుంది. గాలి పోయే దారి మూసుకుపోతే, ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బోర్డు ఎట్లా బతుకుతుంది? టీవీ కింద తలుపుల అరలో పెట్టి మూయకండి. వెనక జానెడు ఖాళీ వదలండి. చూడనప్పుడు నూలు తువ్వాలు కప్పండి, ఆన్ చేసేముందు మరిచిపోకుండా తీయండి. ఏడాదికోసారి, పత్తి సీజన్ అయ్యాక, బ్లోయర్ కొట్టించండి.

ఆమె డీవీడీ దగ్గరికి వస్తాను. స్టూడియోలో రాసిచ్చిన డిస్కు అది, వెనక వైపు లేత ఊదా రంగు. నోటితో ఆవిరి ఊది, మెత్తటి గుడ్డతో తుడిచి లోపలికి నెట్టాను. కొంచెం సేపు గరగరలాడి మెనూ వచ్చింది. సెట్టింగ్స్‌లో డీవీడీ అప్‌స్కేలర్ ‘నార్మల్’లో పెట్టాను. ఆ కాలం వీడియోలు చదరపు టీవీల కోసం తీసినవి. ‘ఫుల్ స్క్రీన్’ పెడితే మనుషులు సాగిపోతారు.

“ఏ భాగం చూడాలక్కా?” అన్నాను. అప్పుడు చెప్పింది అసలు పని. కూతురి పెళ్లి చీర తనే నేసింది. కూతుర్ని మంత్రాలయం ఇచ్చారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంట్లో బీరువాతో సహా చీర, ఆల్బమ్ అన్నీ బురదలో పోయాయి. ఎమ్మిగనూరులో పుట్టింట ఉన్న ఈ డీవీడీ ఒక్కటి మిగిలింది. తర్వాత మగ్గం తీసేసినప్పుడు డిజైను అట్టలు కూడా పాతసామాన్లకు పోయాయి. ఇప్పుడు మనవరాలికి ఓణీల ఫంక్షన్. పట్టులంగాకు అదే అంచు వేయాలి. చెల్లెలి ఇంట్లో మగ్గం ఉంది. అంచు లెక్క మాత్రం గుర్తుకు రావడం లేదు.

తలంబ్రాలు చూశాం. చీర కదులుతూనే ఉంది. అప్పగింతల్లో మసక. ఆమెకే తట్టింది, “మెట్టెలు తొడిగేకాడికి పో తమ్ముడూ” అంది. నిజమే. పసుపు రాసిన పాదం సన్నికల్లు మీద, కెమెరా మనిషి వంగి దగ్గరగా తీశాడు. కుచ్చిళ్ల అంచు తెర నిండా వచ్చింది. ఆపాను. డీవీడీ బొమ్మలో 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు, అంతే. పోగులు కనబడవు. చిలక తర్వాత ఎన్ని రుద్రాక్షలు, ఏ రంగు పక్కన ఏ రంగు, గీత సన్నమా లావా అన్నది కనబడుతుంది. వీసీడీ అయితే అందులో నాలుగో వంతు చుక్కలే, అంతా పులిమినట్టు ఉండేది. చవక ప్లేయర్‌లో ఆపితే బొమ్మ వణికేది. ఇందులో నిలబడింది.

ఆ డిస్కు మొత్తాన్ని నా కంప్యూటర్‌లో కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాననుకోండి, అది తర్వాత సంగతి. రాసిన డిస్కుల్లో రంగుపొర ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది, మీరూ ఆలస్యం చేయకండి. గేమ్ మిషన్ చూపిస్తుంది గానీ కాపీ తీయదు. దానికి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కావాలి. కొత్త బ్లూరే ప్లేయర్లు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి, శాంసంగ్ 2019లో, ఎల్‌జీ 2024లో. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీయే ఆపేసింది.

ఆమె టీవీకి దగ్గరగా స్టూలు జరుపుకుని కూచుంది. సంచిలోంచి గళ్ల పుస్తకం, పెన్సిలు తీసింది. వేలితో తెర మీద ఒక్కొక్క చుక్కనూ తాకుతూ పైకే లెక్కపెడుతోంది. చిలక, రెండు రుద్రాక్షలు, చిలక. మూడో చిలక కుచ్చిళ్ల మడతలో సగం దాగింది.

“ఇంగొక్కటి ముందుకు జరుపు తమ్ముడూ,” అంది.

ఒక్క ఫ్రేమ్ జరిపాను. పాదం కొంచెం కదిలింది. మడత విచ్చుకుంది. ఇంకొక్కటి జరిపాను. చిలక ముక్కు బయటికి వచ్చింది, దాని ముందు చిన్న పండు. ఆమె పెన్సిలు గడి మీద పెట్టింది.