జపానునకు బోవు బిడ్డ

మా నారాయణఖేడు సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దునకు చేరువగా నున్నది. 2016 సంవత్సరమునకు పూర్వ మిది మెదకు జిల్లాలోనిది. ఇచ్చటి అంగడిలో ఒక గడియ నిలుచున్నచో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును చెవిని బడును. ఈ యూరి యాడుబిడ్డలు అత్తవారిండ్లకు బీదరునకో, హైదరాబాదునకో పోవుట వాడుక. కాని గడచిన మాఘమాసమున నొక తల్లి మా యింటికి వచ్చి, తన కూతురు జపాను దేశమునకు బోవుచున్నదని చెప్పి కంటనీరు పెట్టుకొన్నది.

ఆ బిడ్డ మావారి పాఠశాలలో చదువుకొన్నది. సాయంకాలములందు మా వాకిట కూర్చుండి నాయొద్ద భారత భాగవతములలోని పద్యములు కొన్ని నేర్చుకొన్నది. వారు క్రైస్తవులు, మేము కాము. ఆ భేదము మా రాకపోకల కెన్నడును అడ్డు రాలేదు. ఆమె భర్త తన సంఘమువారి పక్షమున మతసేవకై జపాను పోవ నిశ్చయించుకొనెను. భార్యను, రెండేండ్ల కుమారుని వెంట గొనిపోవును. తల్లి నన్ను గోరిన దొక్కటియే.

"అమ్మా, మీ మాటైతే ఇంటది. వద్దని చెప్పుండ్రి. గంత దూరం పోతే నా పిల్ల నాకు దక్కుతదా?"

సోదరీమణులారా, నిజము చెప్పుచున్నాను, నేనును వద్దని చెప్పుదమనియే తలచితిని. ఎవరి మతము వారికుండగా, సముద్రములు దాటి పరులకు మతము చెప్ప నేల యను సందేహ మొకటి నా మనసున లేకపోలేదు. మరునాడు ఆ బిడ్డను పిలిపించి, ముందుగా నొక ప్రశ్న వేసితిని: "ఇది నీ సంకల్పమా, నీ భర్త సంకల్పమా?" మన రామాయణమున సీత రాముడు వలదన్నను తానై వనమునకు బయలుదేరెను. ఊర్మిళ యిష్ట మేమో యెవరును అడుగలేదు. ఇల్లు విడిచి పోవు నాడుదాని మనసు నడుగకుండుట పూర్వమునుండియు నున్న లోపమే.

ఆమె కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మొదట ఆయనదే నమ్మా. ఇప్పుడు నాది కూడ. కాని నాకు భయముగా నున్నది" అనెను. భయము లేదని చెప్పియుండిన నేను వద్దనియే యందును. తన భయమును తా నెరిగిన మనిషిని ఆపుటకు నాకు నోరు రాలేదు. "అట్లయిన, పోవుటకు ముందు చేయవలసిన దంతయు సరిగా చేయుము. నేనును తోడుందును" అంటిని.

పూర్వము మన తెలుగువారిలో ఇట్లు వెళ్లినవారు కలరా యని విచారించితిమి. కలరు. నెల్లూరులో అమెరికా బాప్టిస్టు మిషను 1840లో ఆరంభమాయెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట అచ్చటి తెలుగు క్రైస్తవులు తమ సొంత సంఘముద్వారా జాన్ రంగయ్యగారిని 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు బంపిరి. ఇతరదేశములనుండి బోధకులను బొందినవారే తమ బోధకుని ఇంకొక దేశమునకు బంపిరన్నమాట. 1860 నవంబరులో మద్రాసునుండి "ట్రూరో" యను ఓడ డర్బను చేరినది మొదలు వేలకొలది తెలుగు కూలీలు నేటాలులోని చెరకుతోటలకు, తేయాకుతోటలకు వెళ్లియుండిరి. రంగయ్యగారు వారి నడుమ పనిచేసిరి. 1903 డిసెంబరు 27న కియర్స్నీ యను చోట తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడెను. ఆయన 1915లో మరణించెను.

ఈ కథ విని ఆ బిడ్డ, "ఆయనకు అక్కడ తెలుగువారే యుండిరి. నాకు జపానులో మాటాడుట కెవరున్నారు?" అని యడిగెను. ఆ ప్రశ్నకు మన దోర్నకలు చరిత్రలో సమాధానము దొరకెను. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడగు వి. ఎస్. అజరయ్యగారు 1909లో దోర్నకలునకు వచ్చిరి. ఆయనకు తెలుగు పరభాష. నేర్చుకొనియే పనిచేసిరి. 1912లో బిషప్పు పదవి పొంది, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడైరి. ఆయన భార్య అన్బుగారును ఇల్లు విడిచి యీ ప్రాంతమునకు వచ్చినవారే. ఈ అజరయ్యగారే దోర్నకలునకు రాకమునుపు, 1907లో, టోక్యో నగరమున జరిగిన క్రైస్తవ విద్యార్థుల ప్రపంచ మహాసభకు వెళ్లియుండిరి. ఇంకను సమీపమున చూడవలెనన్న మెదకు ఉన్నది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ పెద్ద దేవాలయమును కట్టించిన పాస్నెట్టు దొరయు ఇంగ్లండునుండి వచ్చి తెలుగు పలుకులు నేర్చినవాడే. వెళ్లిన చోటి భాష నేర్వనివానికి అచ్చటివారి మనసు తెలియదు.

కావున మా మొదటి పని భాషయే. ఒకనాడా బిడ్డ జపాను అక్షరముల పుస్తకము తెచ్చి నా ముందుంచెను. వారికి హిరగన, కతకన యని రెండు లిపులు గలవు. ఒక్కొక్కదానిలో వాడుకలో నున్న యక్షరములు 46. వరుసగా చదివించితిని: అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. నేను ఆశ్చర్యపడితిని. ఇది చిన్నతనమున మా తండ్రిగారు నాకు నేర్పిన వర్ణమాల క్రమమే గదా! కంఠమునుండి బయలుదేరి, దంతములమీదుగా, పెదవులకు వచ్చి, పిదప య ర వ లతో ముగియుచున్నది. నడుమ "హ" యేల వచ్చెనని చూడగా, ఆ వరుస పూర్వకాలమున "ప" వలె పలుకబడెడిదని పండితులు చెప్పుదురట. అప్పుడు దాని స్థానమును సరిపోయినది. బౌద్ధ భిక్షువులు సంస్కృతము నేర్చి, సిద్ధమను మన ప్రాచీన లిపి ననుసరించి తమ యక్షరముల కీ వరుస కల్పించిరి. మన యాంధ్రదేశముతో పేరు పెనవేసుకొన్న నాగార్జునాచార్యుని జపాను బౌద్ధులు నేటికిని ర్యూజు అను పేర తమ శాఖల మూలగురువులలో నొకనిగా గౌరవింతురు. 752లో నారా పట్టణమున మహాబుద్ధవిగ్రహమునకు నేత్రోన్మీలనము చేసినవాడు బోధిసేనుడను భారతీయుడే.

వాక్యరచనయు మనకు చుట్టమే. "వతషి వా గక్కో ని ఇకిమసు" అనగా "నేను బడికి పోవుదును". వారి "ని" మన "కి". క్రియ చివర వచ్చును. మన్నన మాటలును మనకువలె మెండు. ఇంగ్లీషు నేర్చునపుడు తలక్రిందులైన వాక్యము ఇక్కడ తిన్నగా నిలుచున్నది. అయినను కష్టము లేదనుకొనరాదు. చీనాలిపినుండి గైకొన్న కంజి యక్షరములలో నిత్యవాడుకకు నిర్ణయింపబడినవే 2136 గలవు. ఆ బిడ్డ దినమునకు మూడేసి చొప్పున గోడమీద వ్రాసి పెట్టుకొని, వంట చేయుచు చదువుచున్నది.

రెండవ పని ఆ దేశపు చరిత్ర నెరుగుట. అక్కడికి క్రైస్తవమతము 1549లో కగోషిమాకు వచ్చిన ఫ్రాన్సిస్ జేవియరుతో ప్రవేశించెను. ఆయన అంతకుముందు మన దేశమున పనిచేసినవాడు. 1614లో ప్రభుత్వ మా మతమును దేశమంతట నిషేధించెను. ఎందరో ప్రాణములు గోల్పోయిరి. గురువు లేడు, గుడి లేదు. అయినను కొన్ని కుటుంబములు ఇండ్లలో, గుసగుసలతో, రెండువందల యేండ్లకు మించి తమ ప్రార్థనలు కాపాడుకొనిరి. 1865లో నాగసాకిలో విదేశీయులకొరకు కట్టిన యొక దేవాలయమున, కొందరు గ్రామీణులు వచ్చి తామును అదే విశ్వాసము గలవారమని ఫ్రెంచి గురువుతో మెల్లగా చెప్పిరి. ముందుగా నోరు తెరిచినది ఒక స్త్రీ. నిషేధపు పలకలు 1873లో తీసివేయబడెను. నేటికిని అక్కడ క్రైస్తవులు నూటికి సుమారొక్కరే.

ఈ కథ నా సందేహమును కొంత మార్చెను. "వారికి నేర్పుటకు బోవుచున్నానని తలపవలదు. గురువు లేకయే యింతకాలము నిలుపుకొన్నవారి యొద్ద మొదట విని నేర్చుకొనుము. వేరు మతమువారి యింట అతిథివై యుండుము" అని చెప్పితిని. ఆమె, "మొదటి రెండేండ్లు భాష చదువుటయే పని. తరువాత సంఘములోని వృద్ధుల ఇండ్లకు బోయి తోడ్పడవలెను" అనెను. ఆ దేశమున పదిమందిలో సుమారు ముగ్గురు 65 యేండ్లు దాటినవారు. ఒంటరిగా నుండు ముసలివారు మిక్కిలి.

ఈ మాట తల్లి చెవిని బడెను. ఆమె ఊరకుండలేదు.

"గక్కడి ముసలోళ్లకు చాకిరి జేస్తదట. మరి నేను ముసలిదాన్నయితే నాకెవరు జేస్తరమ్మా?"

నేను చదివిన గ్రంథములలో దీనికి జవాబు లేదు. కూతురు తల వంచుకొన్నది. ఆనాటి రాత్రి నాకును నిద్ర పట్టలేదు. దైవకార్యమైనను, దేశకార్యమైనను, ఒకరు తలపెట్టిన త్యాగపు ఖరీదును ఇంటిలో మరియొకరు చెల్లించుచుందురు. ఆ ఖరీదును లెక్కింపక బయలుదేరుట న్యాయము కాదు. వారము దినముల తరువాత తల్లిని, కూతురును, కుమారుని, అల్లుని మా యింట కూర్చుండబెట్టి మాట్లాడించితిమి. మావారు కాగితముమీద వ్రాసిరి.

తల్లి యడిగినవి మూడు. మొదటిది, రాకపోకల విమానపు ఖర్చు ముందుగనే బ్యాంకులో తన పేర వేసి యుంచవలెను. తాను పిలిచిననాడు ఎవరిని యడుగనక్కరలేక బిడ్డ రావలెను. రెండవది, రెండేండ్లకొకసారి తప్పక వచ్చిపోవలెను. మూడవది, మనుమడు తెలుగు మరువరాదు. "వాడు నన్ను అమ్మమ్మా అని పిలువకుంటే నేను సచ్చినట్టే" అనెను. అల్లుడు మూడింటికిని ఒప్పుకొనెను. కుమారుడు తల్లి బాధ్యత తనదనెను. కూతురు మరునాడే అంగడికి బోయి పెద్దబాలశిక్ష కొని పెట్టెలో అన్నిటికన్న ముందు ఉంచుకొన్నది.

ఇక వ్యవహారములు. ఇట్టి ప్రయాణము తలపెట్టు ఇండ్లకు ఉపయోగపడునని వ్రాయుచున్నాను. మతసేవకు బోవువారికి జపాను ప్రభుత్వము ప్రత్యేకానుమతి నిచ్చును. ముందుగా అచ్చటి సంఘమువారే తమ వలసశాఖకు దరఖాస్తు పెట్టి నివాసార్హత పత్రము సంపాదింపవలెను. దానిని జూపి ఇచ్చట వీసా పొందవలెను. భార్యాబిడ్డలకు వేరుగ ఆశ్రితుల వీసా యుండును. ఆ వీసా గల భార్య జీతపు పని చేయదలచినచో వేరే అనుమతి కావలెను. అదియును వారమునకు 28 గంటలకు మించరాదు. ఇల్లు కుదిరిన 14 దినములలో పురపాలక కార్యాలయమున పేరు వ్రాయించుకొనవలెను. ఆరోగ్యభీమాయు అక్కడనే.

మందుల విషయమున జాగ్రత్త మిక్కిలి అవసరము. మన యంగళ్లలో దొరకు కొన్ని జలుబు మందులు అక్కడ నిషిద్ధములు. నెలకు మించిన మందులకు ముందుగ అనుమతి పొందవలెను. మాంసపు పచ్చళ్లు తీసికొనిపోరాదు. పండ్లు, కూరలు, విత్తనములు తనిఖీపత్రము లేనిదే అనుమతింపబడవు. తల్లి కట్టియుంచిన మామిడిపండ్ల బుట్ట, కోడిమాంసపు పచ్చడి జాడీ ఇంటనే నిలిచిపోయినవి. మిరపకాయల తొక్కు మాత్రము మూత గట్టిగా బిగించి, ముందుగ విచారించి, పెట్టెలో బెట్టితిమి. భూకంపములు తరచు వచ్చు దేశము గనుక నీరు, దీపము, కాగితములు గల సంచి యొకటి తలుపు ప్రక్క నుంచుకొనవలెను. అంబులెన్సుకు 119, పోలీసులకు 110 అను అంకెలను ఆ బిడ్డ వేళ్లమీద నేర్చుకొన్నది.

ఆ దేశపు గడియారము మనకన్న మూడున్నర గంటలు ముందు నడచును. తల్లికి పని తీరునది సాయంకాలము నాలుగు గంటలకు. అక్కడ అప్పుడు ఏడున్నర. ఫోనులో మాటాడుట కా వేళ నిర్ణయించుకొనిరి. తల్లి నాయొద్దకు వచ్చి, జపాను గడియారము తనకు తెలియునట్లు గోడమీద వ్రాసియిమ్మని యడిగినది. రెండు గడియారముల బొమ్మలు గీసి యిచ్చితిని.

నివాసార్హత పత్ర మింకను రాలేదు. పెట్టెలు సగము సర్దియున్నవి. ఆ తల్లికి కోపము పూర్తిగా తీరలేదు, తీరవలెనని నేనును కోరను. నిన్న వాకిట మనుమని నొడిలో గూర్చుండబెట్టుకొని పెద్దబాలశిక్ష పుట విప్పి, తనకు చదువు రాకున్నను, బొమ్మలు చూపుచు "ఇది ఆవు, ఇది ఈగ" అని చెప్పించుచుండెను. వాడు వెళ్లులోపల ఎన్ని మాటలు వచ్చునో అన్నియు వాని నోట బెట్టవలెనని ఆమె తొందర.