న్యూ టౌన్‌లో మిగిలిన పూటలు

మన కర్మాగారము నుండి ప్రతి సంవత్సరము కోల్‌కతా వెళ్ళివచ్చే వారి సంఖ్య తక్కువేమీ కాదు. బొగ్గు వ్యవహారములకై కోల్ ఇండియా ప్రధాన కార్యాలయమునకు, తుక్కు వేలముల నిమిత్తము ఎం.ఎస్.టి.సి.కి పోయే అధికారులు కొందరు. శిక్షణ తరగతులకు పోయేవారు కొందరు. టాటా మెడికల్ సెంటర్‌లో ఆప్తులకు క్యాన్సర్ చికిత్స చేయించుటకు వెళ్ళి వారాల తరబడి ఉండిపోయే కుటుంబములు మరికొన్ని. ఆ రెండు కార్యాలయములు, ఆ ఆసుపత్రి కూడ న్యూ టౌన్‌లోనే ఉన్నవి. విమానాశ్రయము సైతము చేరువలోనే కలదు. అందుచేత మనవారు న్యూ టౌన్‌లో దిగి, పని ముగించుకొని, మిగిలిన పూటను షాపింగ్ మాల్‌లో గడిపి తిరుగు ప్రయాణము కట్టుట పరిపాటి అయినది. ఆ పూటలను ఇంతకంటె మేలుగా గడుపవచ్చునని మా అభిప్రాయము. పోయిన శీతాకాలమున శిక్షణ నిమిత్తము కొన్ని దినములు అక్కడ ఉన్నప్పుడు మేము తిరిగి చూచినవాటిని పాఠకుల ముందుంచుచున్నాము.

ముందుగా ఒక మాట. కలకత్తా (2001 నుండి కోల్‌కతా అయినను మన పెద్దలకు నేటికీ కలకత్తాయే) రేవు పట్టణము గనుక విశాఖవలె సముద్రము కనబడునని కొందరు భ్రమపడుదురు. సముద్రము అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరము. ఓడలు హుగ్లీ నదిలో పైకి ఎగబ్రాకి రావలసినదే. పెద్ద ఓడలకు నదిలో లోతు చాలకపోవుటచేత దిగువన హల్దియాలో మరొక రేవు నిర్మించవలసి వచ్చినది. బీచి కొరకు వెదకుట మాని నీటి కొరకు వెదకినచో ఆ నగరము తన రహస్యమును తానే చెప్పును.

న్యూ టౌన్ నిన్నమొన్నటి ఊరు. రాజార్‌హాట్ ప్రాంతపు పొలములను, చెరువులను సేకరించి నిర్మించినది. ఇందుకై ‘హిడ్కో’ అను ప్రభుత్వ సంస్థ 1999లో ఏర్పడినది. భూసేకరణ సమయమున రైతుల నుండి ఆందోళనలు వచ్చినవి. నేడు విశాలమైన రోడ్లు, అద్దాల భవనములు చూచువారికి ఆ సంగతి తట్టదు.

ఊరిలో అందరూ మొదట చూపించునది ఎకో పార్కు. 2012 డిసెంబరులో ప్రారంభమైన ఈ ఉద్యానము 480 ఎకరములు. అందులో నూరు ఎకరములకు పైగా నీరే. ప్రపంచపు ఏడు వింతలకు నమూనాలు కట్టియున్నారు. వాటి యెదుట ఫోటోలు తీయించుకొను జనము ఎక్కువ. మాకు మాత్రము తాజ్‌మహలు నమూనా కన్న చెరువుగట్టు వెంబడి ఉదయపు నడకయే హాయిగా తోచినది. సోమవారము పార్కునకు సెలవు. 2014లో తెరచిన మైనపు బొమ్మల ప్రదర్శనశాల సమీపముననే కలదు. పిల్లలు వెంట ఉన్నచో పోవచ్చును, లేనిచో విడిచిపెట్టినను నష్టము లేదు.

విశాఖవాసులు తప్పక చూడవలసినది మరొకటి ఉన్నది. మన ఆర్.కె. బీచిలో 2017 నుండి నిలిచియున్న టి.యు.-142 విమానమునకు తోబుట్టువు న్యూ టౌన్‌లో ఉన్నది. 1988 నుండి 2017 వరకు నౌకాదళము తరఫున సముద్రముపై నిఘా కాచిన విమానములివి. ఒకటి మన కెరటముల యెదుట, రెండవది 2022 నుండి ఈ భవనముల నడుమ విశ్రమించుచున్నవి. ఇంటి గుర్తు ఒకటి ఇంత దూరమున కనబడినచో కలుగు సంతోషము చెప్పనలవి కాదు.

ఇక అసలు విషయము. ఒక ఉదయము ఖాళీ దొరికినచో టాక్సీ మాట్లాడుకొని చింగ్రీఘాటా మీదుగా బాసంతీ రహదారి పట్టవలెను. అరగంట, ముప్పావు గంటలో నగరము మాయమై చేపల చెరువులు మొదలగును. బెంగాలీలు వీటిని ‘భేరీ’లందురు. ఇదియే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల ప్రాంతము, 12,500 హెక్టారులు.

కోల్‌కతా నేల వాలు నది వైపునకు కాదు, తూర్పునకు. కావున నగరపు మురుగునీటిలో అధిక భాగము హుగ్లీలో కలియక కాలువల గుండా ఈ చెరువులకు చేరును. లోతు తక్కువగా గల చెరువులలో మురుగును కొలత ప్రకారము వదలి కొన్నాళ్ళు ఎండలో నిలిపి ఉంచుదురు. సూర్యరశ్మికి నాచు పెరుగును. నాచు విడిచిన ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మురికిని విరుచును. పెరిగిన నాచును చేపలు తినును. శుభ్రపడిన నీరు వరిపొలములకు పోయి తుదకు కుల్టీ నది మార్గమున సముద్రమునకు చేరును. మన కర్మాగారములో వ్యర్థజలముల శుద్ధికి ఎన్ని పంపులు, ఎంత కరెంటు, ఎన్ని రసాయనములు కావలెనో ఆ విభాగపు సోదరులకు తెలియును. ఇక్కడ బెస్తవారు తరతరముల అనుభవముతో, దాదాపు ఎండ ఖర్చుతోనే ఆ పని చేయుచున్నారు. పైగా నగరమునకు చేపలు, కూరగాయలు చవుకగా లభించుచున్నవి.

ఈ ఏర్పాటు విలువను లోకమునకు చాటినవారు ధ్రువజ్యోతి ఘోష్ అను ఇంజనీరు. నగరపు మురుగు ఎటు పోవుచున్నదో కనుగొనుటకు 1980 దశకమున బయలుదేరి, ఈ చెరువులకు చేరి, శేషజీవితమును వాటికే అంకితము చేసిరి. 2018లో కన్నుమూసిరి. చెరువులను పూడ్చి కట్టడములు లేపవలెనన్న ప్రతిపాదనలపై ‘పబ్లిక్’ అను స్వచ్ఛంద సంస్థ కోర్టునకు ఎక్కగా, 1992లో కలకత్తా హైకోర్టు ఆ నేలలను కాపాడవలెనని తీర్పు చెప్పినది. 2006లో ప్రత్యేక చట్టము కూడ వచ్చినది. అయినను నగరము వైపు అంచులలో పూడికలు ఆగలేదు. ఒక భేరీ గట్టున నిలిచి పడమటికి చూచినచో బహుళ అంతస్తుల భవనములు వరుసగా నిలిచి, తరువాతి అడుగు ఎక్కడ వేయుదమా అన్నట్లు కనబడును. ఈ చెరువులు పోయినచో మురుగు శుద్ధికి ప్రభుత్వము కోట్లు వెచ్చించవలెను. వానాకాలపు నీరు నిలుచుటకు తావు కూడ తగ్గును.

అక్కడ నిలిచినప్పుడు మాకు కొల్లేరు గుర్తుకు వచ్చినది. కొల్లేటిని, ఈ చిత్తడి నేలలను రామ్‌సార్ జాబితాలో చేర్చినది ఒకే దినమున, 2002 ఆగస్టు 19న. కాని రెండు చోట్ల కథ తలక్రిందులు. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు నీటి ప్రవాహమును అడ్డగించి సరస్సును కుదించివేయగా 2006లో ప్రభుత్వము వాటిని పగులగొట్టవలసి వచ్చినది. ఇక్కడనో, చేపల చెరువులే నేలను రియల్ ఎస్టేటు వ్యాపారుల నుండి కాపాడుచున్నవి. చెరువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఊరు పేరు చెప్పనిదే జవాబు లేదన్నమాట. మరొక ముచ్చట: ఇన్ని చెరువులున్నను బెంగాలీల ఆకలికి చాలక, మన కృష్ణా, గోదావరి జిల్లాల శీలావతి, బొచ్చె చేపలు మంచుపెట్టెలలో హౌరా మార్కెట్టుకు పోవుచుండును.

మరొక పూట చిక్కినచో సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ వరకు బస్సులో పోయి మెట్రో ఎక్కవచ్చును. 2025 ఆగస్టు నుండి ఈ మార్గము హౌరా మైదాను వరకు ఏకముగా నడుచుచున్నది. హుగ్లీ అడుగున సొరంగములో సుమారు అర కిలోమీటరు పోవును. దేశములో నది క్రింద నడిచిన మొదటి మెట్రో ఇదియే. హౌరా స్టేషనులో దిగి, తిరుగు ప్రయాణము మాత్రము పైనుండి, లాంచిలో చేయుడు. అప్పుడు హౌరా వంతెన కనబడును. 1943లో తెరచిన ఈ వంతెనలో 26,500 టన్నుల ఉక్కు కలదు, అందులో 23,000 టన్నులు టాటావారు పోసినది. నట్టు, బోల్టు లేక రివెట్లతోనే కట్టినారు. ఉక్కుతో అన్నము తినుచున్న మనకు ఇది యాత్రాస్థలము కాక మరేమి?

ఆవలి ఒడ్డున దిగినవారికి 1814లో స్థాపితమైన ఇండియన్ మ్యూజియము ఎంతో దూరము కాదు. అమరావతి శిల్పములు కొన్ని అక్కడ ఉన్నవి. ఆ స్తూపమును కొలిపించి, మన గ్రామముల కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ సమాధి సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఉన్నది. ఆయన సేకరణకు వెన్నెముక అయిన కావలి సోదరులు ఏలూరువారని అక్కడ ఎవరికి తెలియును?

చికిత్స కొరకు వెళ్ళిన కుటుంబములకు ప్రత్యేకముగా ఒక మనవి. రోగి చెంత ఒకరిని ఉంచి, తక్కినవారు వంతులవారీగా ఒక ఉదయమైనను బయటకు పోయి రండి. సంకోచించవలదు, తోడున్నవారు సొమ్మసిల్లినచో రోగికి ఆసరా ఎవరు? ఎకో పార్కు చెరువుగట్టు అందుబాటులోనే ఉన్నది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణము అనుకూలము. భేరీలకు సూర్యోదయ వేళకు చేరుట మంచిది. వలలు లాగునది అప్పుడే. గట్లు వారి పని స్థలములు గనుక “దాదా” అని పలుకరించి, అనుమతి అడిగి మరీ కాలు పెట్టవలెను.