స్పీకర్‌ని మూలన పెడితే ఎందుకు గుమగుమమంటుంది?

ఇంట్లో పాట ఇంకా బాగా వినిపించాలంటే ముందు ఏం మార్చాలి? ఖరీదైన వైరు కాదు, స్పీకర్ ఉన్న చోటు! మన చెవికి స్పీకర్ శబ్దంతో పాటు గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దమూ చేరుతుంది.

గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 50 సార్లు కంపించే బరువైన మోత తీసుకోండి. దాని ఒక్కో అల పొడవు 7 మీటర్లకు దగ్గర! అంత పెద్ద అల స్పీకర్ వెనక్కి కూడా వ్యాపిస్తుంది. గోడకు తగిలి, ముందుకు వెళ్లే అలతో కలిసి బలపడుతుంది. మూలన అయితే రెండు గోడలూ తోడవుతాయి. పాడేవారి మాటలు ఆ మోతలో మునిగిపోతాయి. స్పీకర్‌ని మూరెడు ముందుకు జరిపి, అదే పాట మళ్లీ వినండి.

సన్నని శబ్దాలు మాత్రం టార్చి వెలుగులా సూటిగా పోతాయి. అందుకే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తులో ఉండాలి.

ఇక గదిలో ఒక్క చప్పట కొట్టండి. ఖంగుమని మోగితే మందపాటి పరదా, తివాచీ కావాలి.

వైర్ల సంగతి చివర్న. మామూలు రాగి వైరు చాలు. కానీ రెండు స్పీకర్లలో ఒక్కదానికి ఎరుపు, నలుపు వైర్లు తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది. డోలు మోత పలచబడిపోతుంది. పెద్దవాళ్లతో కలిసి, ఆంప్లిఫయర్ ఆపేశాకే సరిచూడండి.